ముల్లు ఆగిన చోటు

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం డైరెక్టర్ విక్టర్ బ్ర్యుఖానోవ్ 1986 ఏప్రిల్ 26 శనివారం ఉదయం ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. నాలుగో రియాక్టర్ పేలి అప్పటికి గంటలు గడిచాయి. పైఅధికారులకు పంపడానికి కింది ఉద్యోగులు తయారుచేసి తెచ్చిన నివేదిక అది. కేంద్రం ఆవరణలో రేడియేషన్ సెకనుకు 1000 మైక్రోరాంట్‌జెన్లు, పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్నంలో సెకనుకు 2 నుంచి 4 అని అందులో రాసి ఉంది. చదివి సంతకం పెట్టాడో, చదవకుండానే పెట్టాడో గాని, మరుసటి ఏడాది కోర్టులో ఆ సంతకమే ఆయన మెడకు చుట్టుకుంది.

మైక్రో అంటే పదిలక్షల వంతు. వెయ్యి మైక్రోరాంట్‌జెన్లు అంటే రాంట్‌జెన్‌లో వెయ్యో వంతు. గంటకు 3600 సెకన్లు కాబట్టి ఆ లెక్క గంటకు 3.6 రాంట్‌జెన్లు అవుతుంది. 2019లో వచ్చిన టీవీ సీరియల్ పుణ్యమా అని ఈ 3.6 ప్రపంచమంతా తిరిగింది, జోకులకు కూడా ఎక్కింది. గుణకారం చేసి చూడండి, ఎక్కడా తప్పు దొరకదు. ఆ రాత్రి సెకన్ల లెక్కను గంటల్లోకి మార్చినవాళ్లందరూ సరిగ్గానే మార్చారు.

తప్పు గుణకారం మొదలుకాక ముందే జరిగిపోయింది. కేంద్రంలో మామూలు రోజుల అవసరానికి వాడే మీటర్లు చాలావరకు సెకనుకు 1000 మైక్రోరాంట్‌జెన్ల దాకానే చూపిస్తాయి. ముల్లు ఆ గీత దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. అక్కడ అంతే ఉండి ఆగడం వేరు, అంతకు మించి వెళ్లడానికి చోటు లేక ఆగడం వేరు. మీటరు పట్టుకున్న మనిషికి ఈ తేడా తెలుసు. కనీసం వెయ్యి, ఇంకా ఎంతో తెలియదు అన్నది వాస్తవం. నోటి నుంచి నోటికి, నోటి నుంచి కాగితానికి ఎక్కేసరికి ‘కనీసం’ రాలిపోయి వెయ్యి మిగిలింది. అంతకన్నా ఎన్నో రెట్లు కొలవగల మీటరు ఒకటి కూలిన గోడల కింద పడిపోయింది. ఇంకొకటి ఆన్ చేయగానే పాడైంది.

తర్వాతి అంచనాల ప్రకారం రియాక్టర్ భవనంలో అధ్వానంగా ఉన్న చోట్ల రేడియేషన్ సెకనుకు 5.6 రాంట్‌జెన్లు. గంటకు లెక్కేస్తే 20 వేలు దాటుతుంది. కాగితం మీది అంకెకు 5600 రెట్లు. సోవియట్ నియమాల ప్రకారం అత్యవసర పనిలో ఒక మనిషికి అనుమతించిన గరిష్ఠ మోతాదు 25 రెమ్‌లు, ఇంచుమించు 25 రాంట్‌జెన్లు అనుకోవచ్చు. గంటకు 3.6 చొప్పున ఆ పరిమితి చేరడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. గంటకు 20 వేలైతే నాలుగున్నర సెకన్లు చాలు. చికిత్స లేకపోతే సగంమంది ప్రాణాలు తీసే 400 రాంట్‌జెన్లు ఒంట్లో చేరడానికి 72 సెకన్లు.

బ్ర్యుఖానోవ్ చేతకానివాడు కాదు. 1935లో తాష్కెంట్‌లో పుట్టాడు. 1970లో, ఇంకా 35 నిండకుండానే, ప్రిప్యాత్ నది ఒడ్డున అడవీ చిత్తడీ తప్ప ఏమీ లేని చోట విద్యుత్ కేంద్రం కట్టే బాధ్యత ఆయన మీద పడింది. 1977లో మొదటి యూనిట్, 1983 చివర నాలుగోది నడక మొదలెట్టాయి. ఒక్కోటీ వెయ్యి మెగావాట్లు. ఐదు, ఆరు కట్టడంలో ఉన్నాయి. కేంద్రంతో పాటే లేచిన ప్రిప్యాత్‌లో అప్పటికి జనం 50 వేలకు దగ్గరపడ్డారు, ఎక్కువమంది పడుచు దంపతులు, చిన్నపిల్లలు. సిమెంటు దగ్గర్నుంచి పైపుల దాకా ప్రతిదానికీ పైవాళ్ల చుట్టూ తిరిగి, గడువు లోపల అయిందనిపించి, అవ్వని దాన్ని కూడా అయిందని రాయక తప్పని వ్యవస్థలో పదహారేళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. పైవాళ్లకు ఏ అంకె నచ్చుతుందో ఆ పదహారేళ్లూ ఆయనకు నేర్పాయి. ఆ ఉదయం ఆ చదువే పనిచేసిందని నా అనుమానం.

ఆ రాత్రి నాలుగో యూనిట్‌లో ఒక పరీక్ష పెట్టుకున్నారు. కరెంటు పోతే, తిరుగుతున్న టర్బైన్ ఆగేలోపు మిగిలే ఊపుతో పంపులు కాసేపు నడుస్తాయా లేదా అని చూడటం. భద్రత కోసమే ఆ పరీక్ష. 1 గంట 23 నిమిషాలకు రియాక్టర్ ఆపే మీట నొక్కారు, క్షణాల్లో అది పేలింది. పంపుల దగ్గరున్న వలేరీ ఖొదెమ్‌చుక్ శవం ఈనాటికీ దొరకలేదు. శిథిలాల నుంచి బయటికి తీసిన వ్లదీమిర్ షాషెనోక్ తెల్లవారేసరికి ఆస్పత్రిలో చనిపోయాడు. షిఫ్టు ఫోర్‌మన్ అలెక్సాందర్ అకీమోవ్, రియాక్టర్ నడిపిన పాతికేళ్ల లియొనీద్ తొప్తునోవ్ మాత్రం రియాక్టర్ చెక్కుచెదరలేదనే నమ్మకంతో నీటి పైపుల వాల్వులు చేతులతో తిప్పుతూ ఉండిపోయారు. లేని రియాక్టర్‌కు నీళ్లు పెట్టారు. మే 11న అకీమోవ్, మే 14న తొప్తునోవ్ మాస్కోలో కన్నుమూశారు.

మామూలు మీటర్ల గోల వదిలేసి చూసినా ఆ రాత్రి నిజం చెప్పగలిగిన మీటరు ఒకటుంది. కేంద్రం పౌర రక్షణ విభాగం అధిపతి సెరాఫిమ్ వోరోబ్యోవ్ దగ్గర సైన్యం వాడే డీపీ-5 ఉంది. దాని స్కేలు గంటకు 200 రాంట్‌జెన్ల దాకా. కారులో కేంద్రం చుట్టూ తిరిగాడు. నాలుగో యూనిట్ వైపు వెళ్లేసరికి ముల్లు ఆ చివరి గీత కూడా దాటిపోయింది. కార్యాలయ భవనం కింది బంకర్‌లోకి దిగి బ్ర్యుఖానోవ్‌కు చెప్పాడు. 200 దాటింది, జనాన్ని హెచ్చరించాలి అన్నాడు. డైరెక్టర్ వినలేదు, మీటరు పాడై ఉంటుందన్నట్టు మాట్లాడి పక్కకు తప్పించాడు. గంటకు 200 అంటే కాగితంలోని 3.6కు 55 రెట్లు. అదీ ‘కనీసం’ లెక్కే. పొద్దున సంతకం పెట్టిన కాగితంలో ఈ 200 ఎక్కడా కనిపించదు.

మీటర్ల మాట నమ్మకపోతే కళ్లతో చూసి చెప్పినవాడైనా ఉన్నాడు. మొదటి రెండు యూనిట్ల డిప్యూటీ చీఫ్ ఇంజనీర్ అనతోలీ సిత్నికోవ్. వెళ్లి చూసి రమ్మంటే వెళ్లాడు. పైకెక్కి, తెరుచుకున్న రియాక్టర్‌ను చూసి వచ్చి, అది లేదు, పోయింది అని చెప్పాడు. ఆ మాటా బంకర్‌లో ఎవరికీ గిట్టలేదు. మే 30న సిత్నికోవ్ చనిపోయాడు.

ఇక్కడ కొలతల సంగతి కాస్త చెప్పుకోక తప్పదు, ఎందుకంటే ఆ రోజుల కాగితాల్లో రాంట్‌జెన్, రాడ్, రెమ్ ఒకదాని చోట ఒకటి వచ్చిపడుతుంటాయి. రాంట్‌జెన్ 1928లో స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయంగా ఆమోదం పొందింది. అది గాలి కొలత. ఎక్స్‌రేలు, గామా కిరణాలు గాలిలో ఎంత విద్యుదావేశం పుట్టించాయో చెబుతుంది, మనిషి ఒంట్లో ఎంత దిగిందో చెప్పదు. దిగినదాన్ని కొలవడానికి 1953లో రాడ్ వచ్చింది: ఒక గ్రాము పదార్థంలో 100 ఎర్గుల శక్తి. 1975లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరుతో గ్రే వచ్చింది: కిలోకు ఒక జౌల్. వంద రాడ్‌లు ఒక గ్రే. కిరణం రకాన్ని బట్టి ఒంటికి జరిగే హానిని కూడా లెక్కలోకి తీసుకుంటే రాడ్ రెమ్ అవుతుంది, గ్రే సీవర్ట్ అవుతుంది. అక్కడా వందకు ఒకటే. గామా కిరణాలకు గ్రే, సీవర్ట్ అంకెలు సమానం. రాంట్‌జెన్ నుంచి గ్రేకి మాత్రం అంత తిన్నని దారి లేదు. మెత్తటి కండలో 100 రాంట్‌జెన్లు సుమారు 0.96 గ్రే. హడావిడిలో ఉన్నవాడు వంద రాంట్‌జెన్లు ఒక గ్రే అనేసుకుంటాడు, ప్రాణం పోయే లెక్కల్లో ఆ నాలుగు శాతం తేడాతో ఒరిగేదీ పోయేదీ ఏమీ లేదు.

మన క్యాన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ చికిత్స తీసుకున్నవాళ్ల కాగితాల మీద 50 గ్రే, 25 విడతలు అని ఉండటం చాలామంది చూసే ఉంటారు. కొందరు డాక్టర్లు సెంటీగ్రే అని రాస్తారు. ఒక సెంటీగ్రే సరిగ్గా ఒక రాడ్, కాబట్టి పాత అలవాటు అంకె మారకుండా కొత్త పేరుతో బతికిపోయింది. 50 గ్రే తీసుకున్న మనిషి నడిచి ఇంటికి వెళ్తాడు. చెర్నోబిల్‌లో 6.5 గ్రే దాటినవాళ్లలో ఒక్కడే బతికాడు. ఆస్పత్రిలో ఆ మోతాదు ఒంట్లో ఒక చిన్న భాగానికి, రోజుకు 2 గ్రే చొప్పున వారాల తరబడి ఇస్తారు. అక్కడ ఒళ్లంతటికీ ఒక్క రాత్రిలో తగిలింది. కాబట్టి ఎన్ని గ్రే అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే జవాబు రాదు, ఎంత ఒంటికి, ఎంత సేపట్లో అని కూడా అడగాలి.

ఇంకో విడ్డూరం. 4 గ్రే అంటే 70 కిలోల మనిషి ఒంట్లో దిగే మొత్తం శక్తి 280 జౌళ్లు. వేడి కాఫీ ఒక్క గుక్క తాగితే ఒంట్లోకి వెళ్లే వేడికి మించదు. ఒంటి ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు. అంత కొంచెం శక్తి ఎముకల మజ్జలో రక్తకణాలు పుట్టే చోటును ఖాళీ చేసేస్తుంది. ఒంటికి వేడి తగలదు, కంటికి ఏమీ కనబడదు. ఇంద్రియాలకు అందని దాన్ని అందించే ఒకే ఒక్క సాధనం ముల్లు. అదే స్కేలు చివర ఆగిపోయింది.

ఒంట్లో దిగిన మోతాదు ఎంతో చివరికి మాస్కోలోని ఆరో నంబరు ఆస్పత్రిలో తేల్చారు, మీటరు లేకుండానే. రేడియేషన్ జబ్బుల్లో ఎన్నో ఏళ్ల అనుభవమున్న డాక్టర్ ఆంజెలినా గుస్కోవా అక్కడి విభాగానికి పెద్ద. వచ్చినవాళ్ల దగ్గర నమ్మదగిన కొలత ఏదీ లేదు. వాళ్ల బ్యాడ్జిల్లోని ఫిల్ములు కొలతకు అందనంత నల్లబడ్డాయి, కొన్ని పోయాయి. అందుకని శరీరాన్నే అడిగారు. మొదటి వాంతి ఎన్ని నిమిషాలకు అయింది? రక్తంలో లింఫోసైట్లు రోజురోజుకూ ఎంత వేగంగా పడిపోతున్నాయి? ఆ కణాలను పెంచి సూక్ష్మదర్శిని కింద పెడితే కొన్ని క్రోమోజోములకు ఒకటికి బదులు రెండు నడుములు కనిపిస్తాయి, తెగిన ముక్కలు తప్పుగా అతుక్కోవడం వల్ల. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పట్టికతో పోల్చి, ఈ మనిషికి ఇన్ని గ్రే అని రాశారు. మంచం మీదున్న మనిషి ఆ పూట కులాసాగా మాట్లాడుతూనే ఉండొచ్చు. ఈ జబ్బులో మొదటి వాంతులు తగ్గాక కొన్నాళ్లు ఒళ్లు బాగున్నట్టే ఉంటుంది. అగ్నిమాపక దళం కుర్రాళ్లలో చాలామంది ఆ మధ్య రోజుల్లో మంచాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్లే. పక్క గదిలో మాత్రం వాళ్ల లెక్క తేలిపోయింది.

మొత్తం 134 మందికి తీవ్ర రేడియేషన్ జబ్బు నిర్ధారణ అయింది. 0.8 నుంచి 2.1 గ్రే తగిలిన 41 మందిలో ఎవరూ పోలేదు. 2.2 నుంచి 4.1 మధ్య 50 మంది, పోయింది ఒకరు. 4.2 నుంచి 6.4 మధ్య 22 మంది, పోయినవారు ఏడుగురు. 6.5 నుంచి 16 మధ్య 21 మంది, 20 మంది పోయారు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం అచ్చువేసిన ఈ నాలుగు వరుసల్లో 28 చావులున్నాయి. పైకప్పు మంటల మీదికి ముందుగా వెళ్లిన దళాల నాయకులు వ్లదీమిర్ ప్రావిక్, విక్టర్ కిబెనోక్ ఆ 28లో వారే. ఇద్దరికీ 23 ఏళ్లు. ఇద్దరూ మే 11నే పోయారు.

ఆ పట్టికలోని గ్రేలు కూడా సగం కథే చెబుతాయి. అవి ఒళ్లంతా దూసుకుపోయే గామా కిరణాల లెక్క. నీళ్లతో తడిసిన బట్టలకు, ఒంటికి అంటుకున్న ధూళి నుంచి వచ్చిన బీటా కిరణాలు లోపలికి పోవు, చర్మాన్నే కాలుస్తాయి. కొందరి చర్మానికి తగిలిన మోతాదు మజ్జకు తగిలినదానికి పది నుంచి ముప్పై రెట్లు. మజ్జ మార్పిడి చేసినా చాలామంది దక్కకపోవడానికి ఆ కాలిన చర్మం పెద్ద కారణం. గాలిలో గామాను కొలిచే రాంట్‌జెన్ అంకెను ఎన్ని యూనిట్లలోకి మార్చినా ఆ బీటా అందులోంచి బయటికి రాదు, అసలు లోపల లేదు కాబట్టి.

ప్రిప్యాత్ అంకె సంగతి చూద్దాం. సెకనుకు 2 నుంచి 4 మైక్రోరాంట్‌జెన్లు. ఎంత చిన్నగా, ఎంత అమాయకంగా ఉంది! కానీ మన చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్‌ను చెప్పేది గంటకు ఇన్ని మైక్రోరాంట్‌జెన్లు అని, మామూలుగా పది, పదిహేను. సెకనుకు 4 అంటే గంటకు 14,400. సహజమైనదానికి వెయ్యి రెట్లు! రెండూ మైక్రోలే, ఒకటి సెకనుకు, ఇంకొకటి గంటకు. చదివే అధికారి 3600తో గుణించి చూసుకోకపోతే రెండూ ఒకే ఊరి అంకెల్లా కనిపిస్తాయి. ఆ కాగితం పూర్తిగా నమ్మినా సరే, ఆ పూట పిల్లల్ని బయట ఆడుకోనివ్వకూడదు. ఆ శనివారం ప్రిప్యాత్‌లో బడులు నడిచాయి, పెళ్లి కూడా జరిగింది, పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు.

రాత్రి తొమ్మిదికి పట్నంలో గంటకు 14 నుంచి 140 మిల్లీరాంట్‌జెన్లు కొలిచారు. మర్నాడు పొద్దున ఏడింటికి 180 నుంచి 600. ఊరు ఖాళీ చేయించడానికి సోవియట్ నియమాల్లో రెండు గీతలుండేవి: జనానికి 25 రెమ్‌ల దాకా తగిలే సూచన ఉంటే ఆలోచించాలి, 75 అయితే తప్పనిసరి. మాస్కో నుంచి వచ్చిన కమిషన్‌లో దీని మీదే వాదన. ఇంకా 25 కాలేదు కదా అని వైద్యులు తటపటాయిస్తుంటే భౌతిక శాస్త్రవేత్తలు పట్టుబట్టారని ఆ కమిషన్ సభ్యుడు వలేరీ లెగాసోవ్ తర్వాత చెప్పాడు. ఏప్రిల్ 27 మధ్యాహ్నం రెండు గంటలకు బస్సులు కదిలాయి. మూడు రోజులకు సరిపడా సామాను తీసుకోమన్నారు. మళ్లీ ఎవరూ కాపురానికి తిరిగి రాలేదు.

పేలుడుకు రియాక్టర్ లోంచి ఎగిరి పైకప్పుల మీద పడిన గ్రాఫైట్ ముక్కలను ఆ శరదృతువులో పారలతో కిందికి తోయడానికి సైనికులను పంపినప్పుడు మాత్రం లెక్కను నిష్ఠగా చేశారు. గంటకు వెయ్యి రాంట్‌జెన్లున్న చోట 25 పరిమితి అంటే 90 సెకన్లు. అంతకంటే ఎక్కువున్న చోట అంతకంటే తక్కువ. పరుగెత్తి వెళ్లి, ఒకటి రెండు పారలు ఎత్తిపోసి, పరుగెత్తి రావడం. వెళ్లినవాళ్ల పుస్తకాల్లో రాసిన మోతాదులు ఎంత నిజమో ఆ తర్వాత పరిశోధకులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు, 25కు కాస్త కిందనే ఆగిన అంకెలు మరీ ఎక్కువ కావడంతో. ముల్లు స్కేలు దగ్గర ఆగినట్టే ఇక్కడ కలం నియమం దగ్గర ఆగింది.

1987 జులైలో చెర్నోబిల్ ఊళ్లోని సాంస్కృతిక భవనంలోనే కోర్టు పెట్టారు. బ్ర్యుఖానోవ్‌కు, చీఫ్ ఇంజనీర్ నికొలాయ్ ఫొమీన్‌కు, పరీక్షను పర్యవేక్షించిన అనతోలీ ద్యాత్లోవ్‌కు తలా పదేళ్లు. పార్టీ అంతకు ముందే బ్ర్యుఖానోవ్‌ను బహిష్కరించింది. పేలుడు జరిగిన రాత్రి కూలిన భవనాన్ని చూడగానే తనకు జైలు తప్పదని అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అంటే ఎంత పెద్ద ప్రమాదమో కళ్లు చెప్పాయి, కాగితం మీద మాత్రం వెయ్యి అని రాసి ఉంది. 1991లో విడుదలయ్యాడు. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు తమ పాత నివేదికను సవరించుకున్నారు. నీరు ఆవిరైన కొద్దీ శక్తి పెరిగే గుణం, ఆపడానికి దించిన కడ్డీలే మొదటి క్షణాల్లో శక్తిని పెంచే లోపం ఆ రియాక్టర్ నిర్మాణంలోనే ఉన్నాయని, నడిపేవాళ్లకు ఆ ప్రమాదం చెప్పలేదని రాశారు. అకీమోవ్‌కూ తొప్తునోవ్‌కూ ఆ మాట వినే యోగం లేకపోయింది.

2021 అక్టోబర్ 13న 85 ఏళ్ల వయసులో బ్ర్యుఖానోవ్ చనిపోయాడు. రియాక్టర్ పేలిన నేరం ఆయన నెత్తిన పెట్టడం అన్యాయమే. దాన్ని అలా తయారుచేసినవాళ్లు, లోపం తెలిసీ దాచినవాళ్లు ఆ బోనులో నిలబడలేదు. కానీ వోరోబ్యోవ్ తెచ్చిన 200ను వదిలేసి, ముల్లు ఆగిన చోటును కొలతగా రాసిన కాగితానికి ఏ డిజైనరూ బాధ్యుడు కాడు. 50 వేలమంది ఒకటిన్నర రోజులు ఆ పట్నంలో ఉండిపోవడంలో ఆ సంతకానికి వాటా ఉంది, ఆ వాటా ఆయనదే.